దొరికినవాళ్ళ పుస్తకం

విద్యావతికి ఒక అలవాటుంది. అలవాటంటే చిన్నమాట, వ్రతం అనాలి. వెలుగుతున్నది, తిరుగుతున్నది ఏదైనా సరే, పని అయిపోయాక ఆర్పితే గాని ఆమె కాలు గడప దాటదు. ఇంట్లో ఫాను, వంటింట్లో గ్యాసు, అపార్ట్‌మెంటు మెట్ల మీద అందరిదీ అయి ఎవరిదీ కాని బల్బు, అన్నీ ఆమె చేతి మీదుగానే నిద్రపోవాలి. ఇది వాళ్ళ తాతగారి నుంచి వచ్చింది. యాభయ్యారులో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఆయన ఫైళ్ళ లారీ వెనకాలే వచ్చిన గుమాస్తా. ఆఫీసులో అందరూ వెళ్ళాక గది గదికీ తిరిగి దీపాలార్పి, అప్పుడు గొడుగు అందుకునేవాడట. ఆయన ఆస్తి మనవరాలికి చిల్లిగవ్వ రాలేదు గాని ఇది మాత్రం వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఆమె ఉద్యోగం నాంపల్లి స్టేషను బయట, ఆటోలు మలుపు తిరిగే చోట ఉన్న రెండు కౌంటర్ల గదిలో. తలుపు మీద 'దారిదీపం' అని బోర్డు. హెడ్డాఫీసు ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో. తప్పిపోయినవాళ్ళను పోలీసులో, కూలీలో, చాయ్ బండివాళ్ళో తెచ్చి ఇక్కడ కూర్చోబెడతారు. సాయంత్రం దాకా వాళ్ళకోసం ఎవరూ రాకపోతే ఊళ్ళో ఉన్న పదకొండు ఆశ్రమాల్లో ఎక్కడ చోటుంటే అక్కడి వ్యానును పిలిపించి ఎక్కిస్తారు. తరవాత ఇంటివాళ్ళు ఏడుస్తూ వస్తే, మీవాళ్ళను ఫలానా చోటికి పంపామని చెప్పాలి. అంతే పని. వినడానికి ఎంతో లేదు. కానీ జనవరిలో, నాంపల్లి మైదానంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచే రోజుల్లో, ఆ కౌంటరులో కూర్చున్నవాళ్ళకు మంచినీళ్ళు తాగే తీరిక ఉండదు.

పద్దెనిమిదేళ్ళుగా విద్యావతి రాసే పద్ధతి ఒకటే. పేరు పెట్టి రాయదు. పేరూ ఊరూ చెప్పగలిగినవాడు ఎలాగోలా ఇల్లు చేరతాడు, వాడికి ఈ కౌంటరెందుకు? బట్టలు పెట్టి రాస్తుంది. 'నీలం గళ్ళ లుంగీ, ఎడమ చెవికి పోగు.' 'కాషాయం స్వెట్టరు, ఒక్క చెప్పు.' వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ నోట కూడా ముందు వచ్చేది బట్టలే. ఆ తరవాత, తప్పిపోయి వచ్చిన ప్రతి మనిషినీ "పొద్దున ఏం తిన్నారు?" అని అడుగుతుంది. అన్నీ మరిచిన మనిషి కూడా దానికి ఏదో ఒక జవాబు చెబుతాడు. సంబంధం ఉన్నా లేకపోయినా ఆ మాట కూడా రాసిపెడుతుంది. ఆ రాతలన్నీ 'దొరికినవాళ్ళ పుస్తకం' అనే లావుపాటి రిజిస్టరులో ఉండేవి. అందులోంచే కంప్యూటరులోకి ఎక్కించేది.

డిసెంబరులో సంస్థ కార్యదర్శి సోమయాజులుగారికి ఒక కంపెనీవాళ్ళు 'నింగి' అనేదాన్ని ఉచితంగా ఇచ్చారు. ఇకమీదట కంప్యూటరు బల్ల మీద ఉండదట. ఎక్కడో పైన మబ్బుల్లో ఉంటుందట. బల్ల మీద కనబడేది ఊరికే దాన్ని చూసే కిటికీ అట. పాత డబ్బాలు పట్టుకుపోయి, వాటి స్థానంలో అరచేయంత నల్ల పెట్టెలు పెట్టారు. దొరికినవాళ్ళ పుస్తకం కూడా ఆబిడ్స్‌కు తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"కాగితాలతో పనిలేదమ్మా, ఇక అంతా పైనే," అని సోమయాజులుగారు వేలు ఆకాశం వైపు చూపించారు.

ఆయన వెళ్ళాక రెండో కౌంటరులో కూర్చునే మృదుల, "గా వేలు జూస్తే మనల్ని గూడ పైకే పంపెటట్టున్నడు మేడం," అంది. విద్యావతి నవ్వింది. అప్పుడు నవ్వు వచ్చింది, ఏం చేస్తాం!

తెర మీద నాలుగు బొమ్మలుండేవి. నింగి. నింగి డెస్క్. నింగి డెస్క్‌టాప్. నింగి యాప్. నాలుగింటికీ ఒకటే నీలం మబ్బు. పుట్టిన పిల్లలందరికీ ఒకే పేరు పెట్టిన తల్లిదండ్రులను ఎక్కడైనా చూశామా? ఈ కంపెనీవాళ్ళు ఆ బాపతు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినామె "డెస్క్ తెరవండి, అంతే" అని గంటలో ముగించి వెళ్ళిపోయింది. నెల రోజులు బాగానే గడిచింది. జనవరి మూడో బుధవారం పొద్దున ఏదో అప్‌డేట్ వచ్చింది. డెస్క్ ఉండే చోట డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంది. దాన్ని తెరిస్తే లోపల ఖాళీగా, కడిగిన పలకలా ఒక తెర. వచ్చినవాళ్ళ ఫొటో తీసే కెమెరా దానితో పనిచేయలేదు. ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇచ్చి ఊరుకున్నారు. బయట జనం బారులు తీరి ఉన్నారు. సర్లెమ్మని ఇద్దరూ అందులోనే టైపు చేశారు.

గురువారం పొద్దున తెరిస్తే బుధవారం ఫైళ్ళు కనబడలేదు. శుక్రవారం పొద్దున గురువారంవి కనబడలేదు. విద్యావతి కంగారు పడలేదు సరికదా, సంతోషించింది. తాతగారి ఆఫీసులో ఏ రోజు ఫైళ్ళు ఆ రోజు సాయంత్రం రికార్డు గదికి వెళ్ళేవి. పొద్దున్నే బల్లలు ఖాళీగా మెరిసేవి. ఈ నింగి కూడా అలాగే పాతవాటిని ఎక్కడో భద్రంగా సర్దుతోందని, అడిగితే ఇస్తుందని అనుకుంది. "నా దాంట్ల గూడ నీట్‌గనే ఉంది మేడం," అంది మృదుల. ఆ రెండు రోజులూ వెతుక్కుంటూ వచ్చినవాళ్ళందరూ అదే పూట తప్పిపోయినవాళ్ళ కోసం వచ్చారు కాబట్టి, పాతవి అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

శనివారం మధ్యాహ్నం వచ్చింది.

నలభై ఏళ్ళ మనిషి, జుట్టు రేగిపోయి, కాళ్ళకు దుమ్ము. వస్తూనే కౌంటరు మీద చిన్న నీలం ఫ్లాస్కు పెట్టింది. పెట్టిందేగాని దాని మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

"మేడం, నా పేరు సౌభాగ్య. గౌలిగూడల ఉంటం. మా నాయిన బిచ్చయ్య. బుధవారం పొద్దుగాల చాయ్ తాగొస్తనని పోయిండు, మల్ల రాలె."

"బుధవారం పోతే ఇవాళ వచ్చావేమిటమ్మా?"

"ఎప్పటిసంది పాత బస్టాండుల హమాలి చేసిండు మేడం. యాడాదికెల్లి యాది మర్శిపోతుండు. సూర్యాపేటల మా మేనత్త ఉంటది, బస్సెక్కి గాడికే పోయిండనుకున్న. పోలీసులకు చెప్పిన. సూర్యాపేట పోయొచ్చిన, ఆడ లేడు. పొద్దుగాల ఒక కూలాయన చెప్పిండు, బుధవారం సాయంత్రం నాంపల్లి స్టేషన్ల చూసినమని, పోలీసాయన గీడికే తోల్కొచ్చిండని."

విద్యావతి ప్రాణం తేలికపడింది. ఇక్కడికే వచ్చాడంటే ఇక్కడినుంచే ఎక్కడికో పంపి ఉంటారు. "అయితే ఇక భయం లేదమ్మా. ఇప్పుడే చెబుతాను, కూర్చో. ఏం బట్టలు?"

"తెల్ల బనీను, బూడిద రంగు ప్యాంటు, మెడల ఎర్ర తువ్వాల." సౌభాగ్య కూర్చోలేదు. ఫ్లాస్కు మూత కొంచెం తిప్పి చూపించింది. లోపల ఐసు ముక్కల మధ్య చిన్న మందు సీసా. "షుగర్ మేడం. దినానికి రెండు సూదులు. మూడు దినాలైంది. రెండు దినాలు తప్పినా పాణం మీదికొస్తదని డాక్టర్ సాబ్ ముందుగాలనే చెప్పిండు. జర జల్ది చూడున్రి, మీ కాళ్ళు మొక్కుత."

విద్యావతి వెతికింది. తెర కడిగిన పలకలాగే ఉంది. నింగి అనేదాన్ని తెరిచింది, అది నింగి యాప్‌లో చూడమంది. నింగి యాప్ తెరిస్తే అది డెస్క్‌లోకి వెళ్ళమంది. డెస్క్ తెరిస్తే డిసెంబరు నుంచి మంగళవారం దాకా ఉన్నాయి. బుధవారం లేదు. గురువారం లేదు. శుక్రవారం లేదు. వెతికే గడిలో 'ఎర్ర తువ్వాల' అని కొట్టింది. 'బనీను' అని కొట్టింది. చివరికి 'తాత' అని కొట్టింది. ఏమీ లేవని ప్రతిసారీ ఎంతో మర్యాదగా చెప్పిందది. ఆ మర్యాదకు ఆమెకు ఒళ్ళు మండింది.

సాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే, ఏడెనిమిది నిమిషాలు పాట వినిపించాక ఫణికుమార్ అనే అతను దొరికాడు.

"మేడమ్, మీరు పనిచేసింది డెస్క్‌లోనా, డెస్క్‌టాప్‌లోనా?"

"రెండూ ఒకటి కావా బాబూ?"

"కావండీ. డెస్క్ మీ సొంతం. డెస్క్‌టాప్ అందరిదీ. మంగళవారం దాకా డెస్క్ ఉన్న చోటే ఇప్పుడు డెస్క్‌టాప్ ఉంది. బుధవారం మార్చారు. దాని గురించి మెయిల్ కూడా పంపించాం."

"ఏ మెయిలు? సరే, అదంతా వదిలెయ్యి. ఆ అందరిదీ అన్నదాంట్లో పెట్టిన ఫైళ్ళు ఎక్కడికెళ్ళాయి?"

"సైన్ అవుట్ చేశారా మేడమ్?"

"చెయ్యకుండా ఎలా ఉంటాను? రోజూ సాయంత్రం ఆరింటికి సైన్ అవుట్ చేసే ఇంటికి వెళతాను." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"అదేనండీ. సైన్ అవుట్ చేయగానే ఆ డెస్క్‌టాప్‌ను పూర్తిగా తుడిచేసి, తరవాతివాళ్ళకు కొత్తది ఇస్తుంది. ఊరికే కిటికీ మూసేసి వెళ్ళినా అన్నీ ఉండేవి. చాలామంది సైన్ అవుట్ చెయ్యరు, అందుకే ఈ సమస్య పెద్దగా రాలేదు."

"తుడిచింది తిరిగి రాదా?"

"రాదు మేడమ్. సారీ."

అయినా విద్యావతికి ఆశ చావలేదు. ఫోను పట్టుకునే రెండో కౌంటరు వైపు తిరిగింది. మృదుల ఈ జన్మలో దేన్నీ ఆర్పి ఎరగదు. ఆరు కొట్టగానే హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని మాయమయ్యే రకం. ఎన్నిసార్లు చివాట్లు పెట్టిందో!

"మృదులా, నువ్వు సైన్ అవుట్ చెయ్యవు కదా? చెయ్యలేదని చెప్పు తల్లీ!"

"నేను ఎన్నడు చేసిన మేడం?"

"అయితే నీ దాంట్లో ఉండాలి. బుధవారం సగం మందిని నువ్వే రాశావు. చూడు, చూడు!"

మృదుల చూసింది. ఆమె తెర కూడా ఖాళీయే. "రోజు పొద్దుగాల గిట్లనే ఉంటుంది మేడం. నేను మూసి కూడ పోను. మరి ఎట్ల పోయినయి, నాకు సమజైతలేదు."

విద్యావతికి సమజైంది. బుధవారం సాయంత్రం ఆరుంబావుకు, మృదుల వెళ్ళిపోయాక, గదిలో ట్యూబులైటు ఆర్పింది. ఫాను ఆర్పింది. తన కంప్యూటరు సైన్ అవుట్ చేసింది. గొణుక్కుంటూ మృదుల కుర్చీలోకి వంగి, దాన్నీ సైన్ అవుట్ చేసింది. గురువారం అంతే. శుక్రవారం అంతే. చిత్తుగా రాసుకున్న కాగితాలు కూడా తన చేతులతోనే చించి బుట్టలో వేసింది, మునిసిపాలిటీ బండి ఏ రోజుకారోజు తీసుకుపోయింది. మూడు రోజుల్లో వచ్చినవాళ్ళు తొంభై మందికి పైనే. వాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో చెప్పే ఒక్క అక్షరం ఈ లోకంలో లేకుండా చేసింది, పద్ధతిగా, ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ.

"ఏమైంది మేడం?" అంది సౌభాగ్య.

"కంప్యూటరు పాడైందమ్మా," అంది విద్యావతి. నోరు తనదే, ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "అయినా పరవాలేదు. అన్ని ఆశ్రమాలకూ ఫోను చేస్తాం."

చేశారు. సౌభాగ్య ఫోనులో ఉన్న ఫొటో పంపించారు. అది పదేళ్ళ కిందటిది, ఎవరిదో పెళ్ళిలో తీసింది. తలపాగా, గుబురు మీసం, నవ్వు. ఆశ్రమాల్లో చేరిన మగవాళ్ళకు పేలు పడతాయని మొదటి రోజే గుండు కొట్టి, గడ్డం మీసం తీసేస్తారు. ఇక ఆ ఫొటోతో ఎవరిని పోల్చాలి? ఒక చోట, పేరు చెప్పనివాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు, మీరే వచ్చి చూసుకోండన్నారు. ఒక చోట ఫోనే ఎత్తలేదు. ఉస్మాన్‌గంజ్‌లో, "గిట్లాంటాయన మా తాన లేడు," అని పెట్టేశారు. పదకొండు చోట్లా అయ్యేసరికి రెండున్నరయింది. ఆశ్రమాలు ఊరికి నాలుగు మూలలా ఉన్నాయి. ఒక్కొక్కటీ తిరగాలంటే రెండు రోజులు కావాలి. ఆ మనిషికి రెండు రోజులు ఉన్నాయో లేవో ఆ భగవంతుడికే తెలియాలి.

విద్యావతి తల పట్టుకుంది. బుధవారం సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకోవాలని కళ్ళు మూసుకుంది. ముఖాలు వస్తున్నాయి, పోతున్నాయి. తెల్ల బనీను ఒక్కరా ఇద్దరా! ఎర్ర తువ్వాలు ఎవరి మెడలోనూ కనబడటం లేదు, అది దారిలో పోయి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో తన తల ఏదీ దాచుకోలేదని, రాసుకున్న కాగితాలే దాచుకున్నాయని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఓరి దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారి గుర్తు రానీ అని లోపల్లోపలే వేడుకుంది.

సౌభాగ్య గోడకు ఆనుకుని నేల మీద కూలబడి ఉంది. ఫ్లాస్కు మూత తీసి చూసి, లేచి నిలబడింది. "మేడం, జర గీడ ఐసు యాడ దొరుకుతది? కరిగిపోయింది. మందు ఖరాబైతది."

ఐసు.

విద్యావతి కళ్ళు తెరిచింది. "ఏమన్నావు? మళ్ళీ అను."

"ఐసు మేడం. దీన్ల ఎయ్యనీకి. మా ఇంట్ల ఫ్రిజ్ లేదు. దినాం పొద్దుగాల మా నాయిననే సోడా బండికాడికి పోయి తెస్తడు. అన్ని మర్శిపోయిండు గని అదొక్కటి మర్శిపోలె."

ఐసు అడిగిన పెద్దాయన! వచ్చాడు, బెంచీ చివర కూర్చున్నాడు. పొద్దున ఏం తిన్నారంటే, "ఐసు ఏదీ? ఐసు తేవాలె, కరిగిపోతది," అన్నాడు. మళ్ళీ అడిగినా అదే. చలికాలంలో ఈ ఐసు పిచ్చి ఏమిటి పాపం అనుకుని, అలాగే టైపు చేసింది కూడా, 'ఐసు అడుగుతున్నాడు' అని. వ్యాను వచ్చాక ఎక్కనన్నాడు. డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "చలికాలంల ఐసేంది తాతా, సర్ది అయితది," అని నవ్వాడు. ఆ నవ్వు చివర పొడి దగ్గు. ఎవరిదా దగ్గు? బీడీలు తాగి తాగి దగ్గే మనిషి, లోపలికి రాకముందే దగ్గు వినబడే మనిషి...

"జితేందర్! ఉస్మాన్‌గంజ్ వ్యాను!" విద్యావతి అరిచిన అరుపుకు బయట ఆటోవాళ్ళు తిరిగి చూశారు.

"గాడ లేడన్నరు గద మేడం," అంది మృదుల.

"ఉన్నాడు. నువ్వు కౌంటరు చూసుకో. దేన్నీ ముట్టుకోకు, దేన్నీ ఆర్పకు. కాగితం మీద రాయి."

జితేందర్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇద్దరూ ఆటో ఎక్కారు. శనివారం, అందులోనూ నుమాయిష్. ఆబిడ్స్ చౌరస్తా దాటేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. సౌభాగ్య ఫ్లాస్కును ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని కూర్చుంది. గౌలిగూడలో ఆటో నెమ్మదించినప్పుడు వేలు చూపించింది.

"గదే మేడం మా గల్లీ."

అక్కడినుంచి రెండు మలుపులు తిరిగితే ఉస్మాన్‌గంజ్. మిర్చి బస్తాల ఘాటుకు ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మూడు రోజులుగా ఈమె సూర్యాపేట దాకా వెళ్ళి వెతికిన మనిషి, నడిస్తే పది నిమిషాల దూరంలో ఉన్నాడు. అది తెలిసిన చేతులే దాన్ని తుడిచేశాయి. విద్యావతి తన చేతులను చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

ఒకప్పటి మిర్చి గోదాము ఆ ఆశ్రమం. జితేందర్ ముందు వాకిట్లో వ్యాను కడుగుతున్నాడు. విద్యావతిని చూసి పైపు కింద పడేశాడు.

"ఐసు తాతనా? ఔ మేడం, నేనే తోల్కొచ్చిన. రెండు దినాలు ఐసు ఐసు అని ఒకటే లొల్లి. నిన్న సాయంత్రంకెల్లి నీళ్ళు నీళ్ళన్నడు. పొద్దుగాల లేపితే లేస్తలేడు. నేనే పెద్దదవాఖానకు ఏస్కపోయిన. గందుకే లేడన్నరు ఫోన్ల."

సౌభాగ్య వ్యాను వైపు నడిచింది. జితేందర్ ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా వ్యాను తలుపు తీశాడు.

దవాఖానలో మూడో వార్డు, గోడ పక్క మంచం. మంచానికి వేలాడే అట్ట మీద 'పేరు తెలియదు, పురుషుడు, సుమారు డెబ్బై' అని ఉంది. గుండు, నున్నటి ముఖం, మూసిన కళ్ళు. చేతికి సెలైను. సౌభాగ్య ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది. పాదాల దగ్గరికి వెళ్ళి, బస్తాలు మోసి పగిలిన ఆ మడమలను చూసి, "నాయినా!" అని పెట్టిన కేకకు వార్డంతా ఇటు తిరిగింది.

డాక్టరమ్మ వచ్చింది. "మీరు ఇతని మనుషులా? షుగర్ విపరీతంగా పెరిగిపోయి స్పృహ తప్పింది. ఇన్సులిన్ ఎక్కిస్తున్నాం. రేపటిదాకా ఏమీ చెప్పలేను. సూది మీద ఉన్న మనిషని ఎవరూ చెప్పలేదే! నిన్న తెలిసినా వేరుగా ఉండేది."

సౌభాగ్య ఫ్లాస్కు ఇవ్వబోయింది. "ఇక్కడ మందు ఉందమ్మా, అది అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. సౌభాగ్య ఆ ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి తండ్రి దిండు పక్కన పెట్టింది. తరవాత వెనక్కి తిరిగి, వంగి విద్యావతి పాదాలు పట్టుకుంది.

"మీరు యాది వెట్టుకోకుంటే మా నాయిన దిక్కులేని పీనుగయితుండె. మీ చేతులు సల్లగుండ మేడం."

విద్యావతి చటుక్కున వెనక్కి జరిగింది. ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. కంప్యూటరు పాడైందన్న మాట అలాగే నిలిచిపోయేది. కానీ ఆ 'చేతులు' అన్న మాట ఆమె తట్టుకోలేకపోయింది.

"లేమ్మా, లే. నా చేతులే ఈ పని చేశాయి. కంప్యూటరు పాడవలేదు. మీ నాన్నను ఎక్కడికి పంపామో, ఐసు అడిగాడని, అన్నీ అందులో ఉండేవి. సాయంత్రం పూట నేనే ఆర్పేశాను. ఆర్పితే పోతుందని నాకు తెలియదు. ఇంకొకరి దాంట్లో మిగిలి ఉండేదాన్ని కూడా నేనే ఆర్పాను."

సౌభాగ్య నేల మీద కూర్చునే ఆమె వైపు చూసింది. "అంటే గురువారమే దొరుకుతుండెనా?"

"నువ్వు ఎప్పుడొచ్చి అడిగినా ఒక్క నిమిషంలో దొరికేవాడు."

సౌభాగ్య లేచి నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. తండ్రి కాళ్ళ మీద దుప్పటి సరిచేసి, అటు తిరిగే అంది, "మీరు గీడికెల్లి పోన్రి మేడం."

విద్యావతి బయటికి వచ్చింది. దారిలో ఆబిడ్స్‌లో దిగి, హెడ్డాఫీసు మెట్లెక్కి, సోమయాజులుగారు టీ కప్పు పట్టుకుని ఏదో అంటుండగానే బీరువా తాళం అడిగింది. "ఇప్పుడు ఆ పుస్తకం ఎందుకమ్మా?" అన్నారాయన. "తాళం ఇవ్వండి," అంది. ఆమె ముఖంలో ఏం కనబడిందో, మళ్ళీ అడగకుండా ఇచ్చారు. ఆ లావు రిజిస్టరును గుండెకు అదుముకుని నాంపల్లి దాకా నడిచింది.

అయిదు దాటింది. కౌంటరు ముందు బారు అలాగే ఉంది. మృదుల కళ్ళతోనే ఏమైందని అడిగింది. "బతికే ఉన్నాడు, ఇప్పటికి," అంది విద్యావతి. కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. ఆఖరి రాత డిసెంబరుది. కొత్త పేజీ తిప్పి తేదీ వేసింది. తొంభై మందిలో ఒకరు. ఇంటివాళ్ళు రానివాళ్ళందరూ ఇంకా అలాగే ఉన్నారు, పదకొండు చోట్ల, పేరు తెలియని పురుషుడు, పేరు తెలియని స్త్రీ అని అట్టలు తగిలించుకుని. వాళ్ళకోసం ఈ బారులో ఎవరెవరు నిలబడి ఉన్నారో!

ముందున్న మనిషి కౌంటరు మీదికి వంగాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మా అమ్మ మేడం. గురువారం నుమాయిష్‌ల తప్పిపోయింది. ఆకుపచ్చ చీర. గీడికే తెచ్చిన్రని గేటు కాడ పోలీసాయన చెప్పిండు."

ఆకుపచ్చ చీర. గురువారం ఒక్కరోజే అయిదారుగురు ఆకుపచ్చ చీరలవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఏడుపే తప్ప నోరు విప్పలేదు, ముఖాలు కలిసిపోతున్నాయి. అయినా ఇందాకటిలాగే ఒక మాట తగిలితే చాలు, ఒక్క మాట, దాని వెంట వ్యాను వస్తుంది, డ్రైవరు వస్తాడు, చోటు వస్తుంది. విద్యావతి కళ్ళు మూసుకుంది.

"బాబూ, మీ అమ్మ ఎప్పుడూ అనే మాట ఏదైనా ఉందా? ఇంట్లో పదేపదే ఏమంటుంది? ఏదైనా సరే చెప్పు, నేను గుర్తు తెచ్చుకుంటాను."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మకు మాటలు రావు మేడం. పుట్టినప్పటిసంది మూగది."

విద్యావతి కళ్ళు తెరిచి, పెన్ను కాగితానికి ఆనించింది. ఆకుపచ్చ చీర, అని రాసింది. ఆ తరవాత ఏం రాయాలో ఆమెకు తోచలేదు.